విందునకు తోడు

ఇంటికి చుట్టములు వచ్చుచున్నారని తెలియగానే గృహస్థు మొదట ఆలోచించునది ప్రధానమైన వంటకమును గూర్చి. ఆ నిశ్చయము త్వరలోనే ముగియును. పిమ్మట అసలు చిక్కు మొదలగును. దాని ప్రక్కన నంజుకొనుటకు ఏమి వడ్డింపవలెను? కడపట నోరు తీపిచేయుటకు ఏమి పెట్టవలెను? ఇది చిన్న విషయమని కొందఱికి తోచవచ్చును. కాని యింటి వ్యయము, స్త్రీల శ్రమ, వచ్చినవారి సుఖము, ఈ మూడును ఆ యెన్నికను పట్టియే యుండును. మన పెద్దలు దీనిని ఎట్లు నిర్ణయించుకొనిరో, హైదరాబాదునకు ఉత్తరమున నున్న మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలో అది ఎట్లు మారివచ్చెనో కొంచెము విచారింతము.

వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామము ఓరుగంటి నగరజీవనమును వర్ణించు గ్రంథము. దానిని రచించినది శ్రీనాథుడే యని కొందఱు పండితుల మతము. అందొక పూటకూటి యింటి భోజనము కలదు. వెల యొక్క రూక. ఆ రూకకు పరిమళించు మేలైన అన్నము, పెసరపప్పు, క్రొత్తనేయి, గోధుమపిండితో చేసిన వంటకమొకటి, కొలదిగా పంచదార, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు లభించుచుండెను. చదువరులు ఇందలి పొందికను గమనింపవలెను. నంజులు నాలుగైదు, పిండివంట ఒక్కటియే. దాని వెంటనే పండు, తుదిని పెరుగు. డబ్బు పుచ్చుకొని వడ్డించు ఇంటనే ఇంతటి మితము పాటింపబడినది.

పదునాఱవ శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో ఈ విచక్షణ మఱింత స్పష్టముగా కానవచ్చును. విష్ణుచిత్తుడు తన యింటికి వచ్చు భాగవతులకు ఏడాది పొడవునను ఒకే తీరున వడ్డింపలేదు. వానకాలమున పప్పు, వేపుడుకూరలు, వడియములు, వరుగులు పెట్టెను. ఎండకాలమున తియ్యని చారు, పలుచని అంబలి, చెఱకురసము, లేతకొబ్బరినీరు, పండ్లు, మజ్జిగ యొసగెను. చలికాలమున మిరియపు పొడి చల్లిన వేడికూరలు, ఆవ వేసిన పచ్చళ్లు, పాయసము, వేడినేయి వడ్డించెను. తడిసివచ్చినవానికి కరకరలాడునది, ఎండబడి వచ్చినవానికి చల్లనిది, వణకుచు వచ్చినవానికి కారము, తీపి! వచ్చినవాని శరీరస్థితి నెఱిగి వడ్డించుటయే యిందలి మర్యాద. తన సంపదను చూపుట కాదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. మేడ్చలు నాగపూరు బాటమీదను, శామీరుపేట కరీంనగరము బాటమీదను ఉన్నవి. చెఱువుల క్రింద వరి, మెట్టనేలలలో జొన్న, గట్లమీద తాటిచెట్లు, రాళ్లగుట్టలపై సీతాఫలపు పొదలు, ఇది యిచ్చటి పాతరూపు. నిత్యభోజనము జొన్నరొట్టె, గటక, పప్పు, పచ్చిపులుసు. ఉగాదికి భక్ష్యములు, సంక్రాంతికి సకినములు, బతుకమ్మనాడు రొట్టెను బెల్లముతో నలిపి చేయు మలీద, ఇట్లు ప్రతి తీపికిని, ప్రతి పిండివంటకును ఒక పండుగ యుండెను.

1591లో హైదరాబాదు నగరము వెలసిన పిమ్మట కుతుబ్‌షాహీల కాలమునను, ఆసఫ్‌జాహీల కాలమునను నగరపు దస్తర్‌ఖాను రుచులు ఈ పల్లెలకు ప్రాకినవి. అందుకు బగారన్నమే సాక్షి. బగారయనగా తాలింపు. లవంగము, దాల్చినచెక్క, పుదీనలతో తాలించిన ఆ యన్నమును మాంసపు కూరతో వడ్డించుట నేడు తెలంగాణమున మతభేదము లేని విందు. మిర్చీ కా సాలనులోని మిరపకాయయు, పల్లీయు అమెరికా ఖండములనుండి పోర్చుగీసుల రాక తరువాత మన దేశమున వ్యాపించినవి. క్రీడాభిరామపు నాటికి మనకు కారమనగా మిరియమే. కావున ఇది మనది, అది పరులది యను వాదము వంటయింట చెల్లదు. అక్కఱకు వచ్చునా, పొందునా యనునదియే ప్రశ్న.

ఆ ప్రశ్ననే అడిగి చూతము. బగారన్నము, మాంసపు కూర రెండును నూనెతోను, మసాలాతోను బరువైనవి. వానికి తోడు కావలసినవి పులుపు, చలువ, పచ్చిదనము. తఱిగిన ఉల్లి కలిపిన పెరుగు చట్నీ మొదటి రెంటిని తీర్చును. పొయ్యి యెక్కని పచ్చిపులుసు మూడవదానిని తీర్చును. సాలను మాత్రము పల్లీ, నువ్వు, కొబ్బరి నూఱి చేయు చిక్కని పులుసు. పులుసు లేని బిర్యానీకి అది తగినజోడు. మాంసపు పులుసు ఇదివఱకే యున్న విస్తరిలో అది రెండవ బరువు. అయినను నేటి విందులలో రెంటిని కలిపి వడ్డించుట తఱచు చూచుచున్నాము.

తీపివిషయమునను ఇంతియే. పూర్వము పల్లెలలో తీపియనగా బెల్లము. నిజాము ప్రభుత్వకాలమున, 1937లో, బోధనులో చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. తరువాతి తరములవారికి పంచదార పండుగనాటి వస్తువు కాక నిత్యవస్తువైనది. ఆ కర్మాగారమున 2015లో ఉత్పత్తి నిలిచిపోయినను ఆ యలవాటు నిలిచియే యున్నది. డబుల్ కా మీఠా అనగా రొట్టెముక్కలను నేతవేచి, పాకమునను పాలలోను నానవేసినది. రుచికి లోపము లేదు. కాని నేతి భోజనముపై మరల నేతి తీపి యగును. ఎండిన జల్దరు పండ్లను రాత్రి నానబెట్టి ఉడికించు ఖుబానీ కా మీఠాలో సన్నని పులుపు కలదు. బరువైన విందు తరువాత అదియే మేలు. పూర్ణము పెట్టిన భక్ష్యము నేతితో కలిసి తానే యొక భోజనము. దానికి పప్పుచారు చాలును, మాంసమక్కఱలేదు.

వీనియన్నిటికన్న సులభమైనది పండు. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ ఉత్తరపు పల్లెలలో ద్రాక్షతోటలు విరివిగా నుండెను. అనాబ్-ఎ-షాహీ యను పెద్ద గింజద్రాక్ష హైదరాబాదు పరిసరములకు పేరు తెచ్చినది. వేసవి తొలినాళ్లలో విందు ముగియగానే చల్లని ద్రాక్షగుత్తి పళ్లెమున పెట్టినచో అంతకు మించిన తీపి యేమి కావలెను? ఆ పందిళ్లున్న నేలలు పెక్కు నేడు ఇండ్లస్థలములైనవి. తోటతోపాటు ఆ మర్యాదయు మఱుగున పడుట విచారకరము.

ఇప్పుడు రెండు పెద్దబాటల వెంటను విందుశాలలు వెలసినవి. అచ్చట పదార్థముల సంఖ్యయే గౌరవమునకు కొలతయైనది. పొరుగింటివారు నాలుగు తీపులు పెట్టిరని మనము ఆఱు పెట్టుదుము. అందు సగము ఎంగిలాకులలో పోవును. దానికై చేసిన అప్పు మాత్రము ఇంటికి వచ్చును. ఇంటిలో జరుగు విందున అప్పునకు బదులు గృహిణి వెన్ను విఱుగును. తెల్లవాఱక మునుపే పొయ్యిచెంత చేరి, పది రకములు వండి, పదిమందికి వడ్డించి, అందఱు తాంబూలములు వేసికొన్న తరువాత ఆమె కూర్చుండును. అప్పటికి గిన్నెల యడుగున మిగిలినదేమి? ఈ ప్రశ్నను ప్రతి గృహస్థుడును ఒక్కమాఱు తన్ను తానడుగుకొనవలెను. పదార్థములను తగ్గించుట లోభము కాదు. ఆమెయు అతిథులతోపాటు పంక్తిని కూర్చుండుటకు కావలసిన తీరిక దానివలననే లభించును.

కాబట్టి మా మనవి యిది. ప్రధానమైన వంటకము బరువైనదైన నంజులు తేలికయైనవి కావలెను: పుల్లనిదొకటి, చల్లనిదొకటి, చాలును. తీపి యొక్కటియే, అదియు ముందుదినమే సిద్ధపఱుపదగినది. దాని ప్రక్క ఆ ఋతువున ఈ నేల యిచ్చు పండు: వేసవిలో ముంజలు, మామిడి, శరత్కాలమున సీతాఫలము. ఓరుగంటి పూటకూటియిల్లు ఒక్క రూకకు చేసిన పని మన యిండ్లలో చేయలేమా? ఈ మాఱు చుట్టములు వచ్చినప్పుడు రెండు వంటకములు తగ్గించి, ఇంటి యిల్లాలికి కూడ అప్పుడే విస్తరి వేసి చూడుడు.