నిరూపించుకోవాల్సింది ఎవరు?

2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. కరోనాతో చనిపోయిన ఎంపీ బల్లి దుర్గాప్రసాద్ రావు ఖాళీ చేసిన స్థానం అది. ఆ రోజు పొద్దున్నించీ టీవీల్లో ఒకటే దృశ్యం. ఊరికి కొత్తవాళ్లు బస్సుల్లో దిగుతున్నారు. చేతుల్లో ఓటరు కార్డులున్నాయి. కార్డు మీద ఉన్న తండ్రి పేరేమిటంటే నీళ్లు నములుతున్నారు. ప్రతిపక్షాలు ఎన్నిక రద్దు చెయ్యమన్నాయి. రద్దు కాలేదు. మే 2న ఓట్లు లెక్కపెట్టారు. పాలక పార్టీ అభ్యర్థి 2.7 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచాడు. అంత తేడా ఉన్నచోట దొంగ కార్డులు ఫలితాన్ని తారుమారు చేశాయని అనలేం. కానీ ఆ కార్డులు ఎక్కడివన్న ప్రశ్న మిగిలింది.

జవాబు రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. ఓటర్ల నమోదు అధికారికి ఎన్నికల సంఘం ఇచ్చిన కంప్యూటర్ లాగిన్ వాడి, ముప్పై వేలకు పైగా ఓటరు కార్డులు అక్రమంగా దింపుకున్నారని విచారణలో బయటపడింది. అప్పట్లో ఆ బాధ్యతలో ఉన్న ఐఏఎస్ అధికారిని 2024 జనవరిలో సస్పెండ్ చేశారు. కింది ఉద్యోగుల మీదా చర్యలు మొదలయ్యాయి. ఎవరి తప్పు ఎంతో కోర్టులు తేల్చాలి. అయితే ఒక్క సంగతి మాత్రం తేలిపోయింది. ఆ కార్డులు ఏ గల్లీలోనో, ఏ జిరాక్సు షాపులోనో పుట్టలేదు. సర్కారు తాళంచెవితోనే సర్కారు బీరువా తెరిచారు.

ఈ ముచ్చట ముందు చెప్పడానికి కారణం ఉంది. దొంగ ఓటు అనగానే ఈ దేశంలో చాలామంది చూపు మా ఆడవాళ్ల బురఖా మీదికి పోతుంది. బూతులో బురఖా కనపడితే చాలు, ఏజెంటు కుర్చీలోంచి లేస్తాడు. తిరుపతిలో ముప్పై వేల కార్డులు బయటికి నడిచిపోతుంటే ఏ ఏజెంటూ లేవలేదు. లేవడానికి అక్కడ మనిషి లేడు, తెర మాత్రమే ఉంది.

'నువ్వెవరు?' అని ఓటరును అడగడం ఎప్పుడు మొదలైంది, ఎవర్ని ఎట్లా అడిగారు అనేది మా వైపు నించి ఒకసారి చూడాలి.

తెల్లవాడి కాలంలో ఆ ప్రశ్న ఇంకో రకంగా ఉండేది. నీకు ఎంత భూమి ఉంది, ఎంత పన్ను కడుతున్నావు, ఎంత చదివావు. 1935 చట్టం ప్రకారం 1937లో ఎన్నికలు జరిగినప్పుడు జనంలో ఆరింట ఒక వంతుకు కూడా ఓటు లేదు. మద్రాసు శాసనసభలో 215 సీట్లుంటే అందులో 28 ముస్లింలవి. ఆ సీట్లకు ఓటేసేదీ ముస్లింలే. 1909 నించీ నడిచిన ప్రత్యేక నియోజకవర్గాల పద్ధతి అది. చిత్తూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది. కాబట్టి మా తాతల తరంలో సాయిబుకు ఓటు దక్కిందంటే రెండు రుజువులు ఉన్నట్టు: ఒకటి ఆస్తి, రెండోది మతం. పన్ను రసీదు లేని జట్కావాడికీ, దూదేకులాయనకూ, తోళ్ల మండీలో కూలివాడికీ ఆ ప్రత్యేక సీట్లు ఉన్నా లేకపోయినా ఒకటే. వాటి కోసం ఇవాళ కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఈ సంగతి మరచిపోతారు. ఆ సీట్లు కౌమ్‌వి కావు, కౌమ్‌లో కలిగినవాళ్లవి.

రాజ్యాంగ సభలో 1947 ఆగస్టులో ఆ పద్ధతిని తీసేశారు. ఉండాలని సవరణ తెచ్చింది మద్రాసు నించి వెళ్లిన పోకర్ సాహెబ్ బహదూర్. ఓడిపోయాడు. 1949 మేలో మతం పేర రిజర్వు సీట్లు కూడా పోయాయి. బదులుగా 325వ అధికరణం వచ్చింది. మతం, జాతి, కులం, ఆడామగా పేరు చెప్పి ఎవర్నీ జాబితాలోంచి తప్పించరాదు, ఊరందరికీ ఒకటే జాబితా. 326 ప్రకారం వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు. ఈ రెండు వాక్యాలతో జట్కావాడూ జమీందారూ ఒకే కాగితం మీదికి వచ్చారు. మేం పోగొట్టుకున్నదాని కంటే ఇది పెద్దదనే నేను అనుకుంటాను. నాతో ఒప్పుకోని ముస్లిం మిత్రులున్నారు.

ఆ మొదటి జాబితా రాసిన తీరు ఇప్పటివాళ్లకు తెలియాలి. రాజ్యాంగం ఇంకా తయారు కాకముందే, 1948లోనే పని మొదలైంది. దేశం రెండు ముక్కలై లక్షలమంది రోడ్ల మీద ఉన్నారు. కాందిశీకులకు ఇల్లు లేదు, పత్రం లేదు. వాళ్లను జాబితాలో ఎట్లా చేర్చాలి? ఇక్కడే స్థిరంగా ఉండదలచుకున్నానని నోటితో ఒక ప్రకటన ఇస్తే చాలన్నారు. దేశ చరిత్రలో అంత అనుమానం పొగలు కక్కిన రోజుల్లో సర్కారు మనిషి మాట నమ్మింది. ఆ జాబితాతోనే 1951-52లో 17 కోట్ల పైచిలుకు మంది ఓటర్లతో ఎన్నిక నడిచింది. పేరు చెప్పను, ఫలానావాడి భార్యనని రాసుకోండి అన్న ఆడవాళ్లు ఉత్తరాదిలో ఎక్కువ. అట్లాంటి 28 లక్షల పేర్లను సుకుమార్ సేన్ కొట్టేయించాడు. ఆడమనిషికి సొంత పేరు ఉండాలని ఆయన పట్టుబట్టడం మంచిదే. కానీ ఆ విడత ఓటు పోయింది మాత్రం మొగుడికి కాదు, ఆమెకే. రుజువు అడిగిన ప్రతిసారీ నష్టం ఎటు దొర్లుతుందో అప్పుడే కనపడింది.

తర్వాత ముప్పై నలభై ఏళ్లు గుర్తింపు అంటే ఊరు గుర్తుపట్టడమే. పోలింగు ఉద్యోగి నలుగురి ఎదుట పేరు పిలుస్తాడు, ఊళ్లోవాళ్లు అవునంటారు, వేలికి సిరా పూస్తారు. అనుమానం వస్తే ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. అప్పుడు విచారించి తేలుస్తారు. నీ ఓటు అప్పటికే ఎవడో వేసిపోతే నీకు వేరే కాగితం ఇస్తారు. దాన్ని విడిగా కవరులో పెడతారు, మామూలు లెక్కలో కలపరు. గోషా స్త్రీలు ఎక్కువగా ఉన్నచోట ఆడ ఉద్యోగి ఉండాలి, చాటు ఉండాలి. ఈ ఏర్పాటు లోపాలు లేనిదేం కాదు. రాయలసీమలో బూతుల్ని ఆక్రమించిన చరిత్ర ఎవరూ మరచిపోలేదు. కానీ ఆ ఆక్రమణ చేసినవాళ్లు మారువేషాల్లో రాలేదు. వాళ్లెవరో ఊరందరికీ తెలుసు.

1993 ఆగస్టులో శేషన్ ఫొటో గుర్తింపు కార్డుల ఆర్డరు వేశాడు. 1995 జనవరి 1 తర్వాత కార్డు లేకుండా ఎన్నికలే జరపనన్నాడు. రాష్ట్రాలు ఖర్చంటూ గొణిగాయి, సుప్రీంకోర్టు కలగజేసుకుని కార్డుల్లేవని ఎన్నికలు ఆపొద్దంది. శేషన్‌ను తిట్టడానికి నేను రాయడం లేదు. రిగ్గింగు దొరలను ఆయన హడలగొట్టాడు. కానీ అప్పటిదాకా ఓటరు ముఖాన్ని ఊరు చూసేది, ఇప్పుడు కార్డు చూస్తుంది. ఊరు తెలుగు, ఉర్దూ, అరవం మూడూ వింటుంది. కార్డుకు అక్షరాలే దిక్కు.

మా పేర్ల బాధ ఇక్కడే. చిత్తూరు జిల్లా సాయిబు ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, బజార్లో తెలుగు మాట్లాడతాడు, కార్డు మీద ఇంగ్లీషులో ఉంటాడు. మహబూబ్ బాషా జాబితాలో మాబాష అవుతాడు, రేషను కార్డులో మహబూబ్ పాషా, ఆధార్‌లో షేక్ ఎం. బాష. ఖాజా మొహియుద్దీన్‌ను ఇన్ని రకాలుగా రాయొచ్చని రాసే పంతులుకే తెలియదు. ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. పెళ్లికి ముందు బీ, పెళ్లయ్యాక బేగం, ముసలితనంలో బీబీ. మా అమ్మ పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. మూడింటిలోనూ ఉన్నది ఆమేనని చెప్పడానికి నాలుగో కాగితం తెమ్మన్నారు. 2000 తర్వాత కార్డో ప్రత్యామ్నాయ పత్రమో చూపడం తప్పనిసరి అయ్యేసరికి ఈ అక్షరాల తప్పు అచ్చుతప్పుగా మిగల్లేదు, మనిషి మీద అనుమానం అయింది.

ముఖం గొడవ కోర్టు దాకా పోయింది. జాబితాలో గోషా స్త్రీల ఫొటోలు అచ్చువెయ్యొద్దని మధురైకి చెందిన అజ్మల్ ఖాన్ వేసిన కేసును మద్రాసు హైకోర్టు 2006లో కొట్టేసింది. 2010లో సుప్రీంకోర్టు కూడా, ముఖం చూపలేనివాళ్లు ఓటెయ్యకండన్న ధోరణిలోనే మాట్లాడింది. నా మాట చెప్పాలంటే కోర్టుతో నాకు పెద్ద పేచీ లేదు. ఆడ ఉద్యోగి ముందు ముఖం చూపి ఓటేసి రావడానికి మా ఇళ్లలో ఆడవాళ్లు ఎప్పుడూ వెనకాడలేదు. కేసు వేసిందీ మగాడే. పేచీ ఎక్కడంటే, ఉద్యోగి చేయాల్సిన పని అభ్యర్థి చేతికి పోయినప్పుడు. 2024 మే 13న హైదరాబాద్‌లో ఒక పార్టీ అభ్యర్థిని బూతులో కూర్చుని ఉన్న ముస్లిం స్త్రీలను ముసుగులు ఎత్తమని కార్డులు సరిచూసింది. పోలీసులు కేసు పెట్టారు. అదే రోజు మన రాష్ట్రంలోనూ పోలింగు.

కార్డు ఉంటే ఓటు ఉన్నట్టేనా? చంద్రగిరి దళితులను అడగాలి. 2019 ఏప్రిల్ 11న చంద్రగిరి నియోజకవర్గంలో కొన్ని బూతుల్లో దళితుల్ని స్వేచ్ఛగా ఓటెయ్యనివ్వలేదన్న ఫిర్యాదులొచ్చాయి. కెమెరా దృశ్యాలు చూశాక మొదట అయిదు బూతుల్లో, ఆ వెంటే ఇంకో రెండింటిలో మే 19న రీపోలింగు పెట్టారు. వాళ్లకు కార్డులున్నాయి. వాళ్లెవరో ఊరికి బాగా తెలుసు. తెలియడమే వాళ్లకు చేటయింది. తిరుపతిలో లేని మనుషులకు కార్డులు పుట్టాయి, దానికి కూతవేటు దూరంలో ఉన్న మనుషులకు కార్డులు పనికిరాలేదు.

ఇప్పుడు టపా ఓటు. సైనికులకూ, ఎన్నికల పనిలో ఉన్న ఉద్యోగులకూ పోస్టల్ బ్యాలెట్ పాత హక్కు. 2019లో 80 ఏళ్లు దాటినవాళ్లనూ వికలాంగులనూ చేర్చారు, 2024లో ఆ వయసును 85 చేశారు. ఉద్యోగుల ఓటు వేసే పద్ధతి ఇది: బ్యాలెట్టు చిన్న కవరులో, దాంతోపాటు 13ఎ అనే ప్రకటన, రెండూ పెద్ద కవరులో. ఆ ప్రకటన మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అయిదు లక్షలకు పైగా పోస్టల్ ఓట్లు పడ్డాయి. అధికారి సంతకం ఉండి పేరు, హోదా, సీలు లేకపోయినా ఓటు చెల్లుతుందని రాష్ట్ర ఎన్నికల అధికారి ఉత్తర్వు ఇచ్చాడు. అప్పటి పాలక పార్టీ కోర్టుకెక్కింది. జూన్ 1న హైకోర్టు, లెక్కింపుకు ముందురోజు జూన్ 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోమన్నాయి.

ఆ ఉత్తర్వు సరైనదే. అధికారి సీలు మరచిపోతే ఓటరు ఓటు ఎందుకు పోవాలి? కానీ ఈ ఉదారబుద్ధి ఉద్యోగి కాగితానికే ఎందుకు? గుమాస్తా మరచిపోయిన అక్షరానికి మా మాబాష ఓటు ఎందుకు పోతుంది?

పీలేరు, కలికిరి, రాయచోటి వైపు పోతే వీధికొక కువైట్ ఇల్లు ఉంటుంది. మగవాళ్లు డ్రైవర్లు, ఆడవాళ్లు అరబ్బుల ఇళ్లలో పనిమనుషులు. ఇందులో ముస్లింలున్నారు, దళితులున్నారు, బలిజలున్నారు. రెండేళ్లకోసారి వస్తే గొప్ప. 2010లో చట్టం మార్చి ప్రవాస భారతీయులకు ఓటు ఇచ్చారు, 2011 నించి అమలు. అయితే ఓటెయ్యడానికి పాస్‌పోర్టు పట్టుకుని సొంతంగా ఊళ్లోని బూతుకు రావాలి. 2019లో దేశం మొత్తం మీద అట్లా నమోదైనవాళ్లు దాదాపు లక్ష, వచ్చి ఓటేసినవాళ్లు పాతికవేల చిల్లర. వాళ్లలో అత్యధికులు కేరళవాళ్లు. విమానం ఖర్చు పెట్టుకోగల వాడి ఓటు అది. ప్రవాసులకు ఎలక్ట్రానిక్ టపా ఓటు ఇవ్వాలని 2020లో ఎన్నికల సంఘం ప్రతిపాదించింది. మొదటి విడతలో గల్ఫ్ దేశాలు ఉండకపోవచ్చని అప్పుడే వార్తలొచ్చాయి. అమెరికాలో ఉన్న ఇంజనీరుకు ముందు, కువైట్ వంటింట్లో ఉన్న ఆమెకు తర్వాత. ఇంటి మీద తాళం చూసి పేరు కొట్టేయడంలో మాత్రం వెనకా ముందూ లేదు.

2025లో బీహార్‌తో మొదలైన ప్రత్యేక సవరణ మళ్లీ మాట నించి కాగితానికి మార్చింది. మొదటి ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేవు. ఎవరి పేర్లు తీశారో ఎందుకు తీశారో ప్రకటించమని ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. ఆధార్‌ను ఒప్పుకోమని సెప్టెంబరులో ఇంకోసారి చెప్పాల్సివచ్చింది. నవంబరులో అది పక్కనున్న తమిళనాడుకు వచ్చింది. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు సాయిబులకు వేలూరు, గుడియాత్తం, ఆంబూరు వియ్యపు ఊళ్లు. ఆడపిల్లల్ని అటు ఇచ్చాం, అటునించి తెచ్చుకున్నాం. 2002, 2005 నాటి జాబితాలో నీ పేరో, లేకపోతే నీ అమ్మానాన్నల పేరో చూపమన్నారు. వాణియంబాడి కోడలి పేరు ఆ జాబితాలో ఎందుకుంటుంది? అప్పటికి ఆమె ఇక్కడ స్కూలుకు పోతోంది. వాళ్ల అబ్బా పేరు చిత్తూరు జిల్లా పాత జాబితాలో వెతకాలి. అరవంలో క, ఖ, గ మూడిటికీ ఒకటే అక్షరం, కాబట్టి అక్కడి కార్డులో ఆయన పేరు ఒక తీరు, ఇక్కడ తెలుగులో ఇంకో తీరు. అల్లుడు ఫోను చేసి అడుగుతాడు, మామగారిని అప్పట్లో ఖాదర్ సాహెబ్ అని రాశారా, కాదర్ సాబ్ అనా, ఎస్. ఖాదర్ అనా. ఇక్కడ ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని, వార్డు నంబరు గుర్తు తెచ్చుకుంటూ, ఒక్కో పేజీ తిప్పుతారు.