బొమ్మల కొలువు: గృహచరిత్రకు ఒక ఆధారం

ప్రవేశిక

తెలుగువారి పండుగ అలంకారాలలో ముగ్గు, గొబ్బెమ్మ, మామిడి తోరణం ఆ పండుగకు పుట్టి ఆ పండుగతోనే ముగిసిపోతాయి. బొమ్మల కొలువు అలాంటిది కాదు. అటక మీది పెట్టెలోంచి దిగి, మెట్లెక్కి, నాలుగు రోజులు నిలిచి, తిరిగి పెట్టెలోకి చేరే ఈ బొమ్మలు తల్లి చేతి నుంచి కూతురి చేతికో కోడలి చేతికో అందుతూ వస్తాయి. కోస్తాంధ్రలో ఎక్కువగా సంక్రాంతికి, రాయలసీమ, తెలంగాణలలో ఈ ఆచారమున్న ఇళ్ళలో ఎక్కువగా దసరాకు కొలువు పెడతారు. దీనిని భక్తిగానో, వేడుకగానో, పిల్లల ముచ్చటగానో చూడడం పరిపాటి. కుటుంబం కాగితం మీద రాసుకోని చరిత్రకు కొలువు ఒక ఆధారమని, అలా చదివినప్పుడు అందులో నమోదైనవారితో పాటు నమోదు కానివారు కూడా గోచరిస్తారని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'కొలువు' అనే మాట

కొలువు అంటే రాజసభ. సేవ, ఉద్యోగం కూడా. కొలువుకూటం, కొలువుదీరడం వంటి ప్రయోగాలలో మొదటి అర్థం, 'సర్కారు కొలువు' వంటి నేటి వాడుకలో రెండో అర్థం సజీవంగా ఉన్నాయి. 'కొలుచు' అనే క్రియారూపానికి సేవించడం, కొలత వేయడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి.

ఆలయ సంప్రదాయంలో ఈ మాట మరింత స్పష్టమవుతుంది. తిరుమలలో ఉదయం తోమాలసేవ తరువాత కొలువు శ్రీనివాసమూర్తికి జరిగే కొలువులో పంచాంగం వినిపిస్తారు. ముందురోజు ఆలయానికి వచ్చిన ఆదాయం లెక్కనూ విన్నవిస్తారు. అంటే కొలువు కేవలం దర్శనం కాదు, లెక్క అప్పజెప్పే సభ కూడా. గృహిణి పెట్టే కొలువుకు ఈ రెండో లక్షణం అన్వయిస్తుంది. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మనైనా చేర్చాలన్న నియమం వల్ల కొలువు ఏటికేడు పెరిగే జాబితా అవుతుంది. ఏ బొమ్మ ఏ యాత్రలో కొన్నది, ఏది ఎవరి పుట్టింటి నుంచి వచ్చింది, ఏది ఎవరు పుట్టిన ఏడు చేరింది అన్న వివరాలు బొమ్మలను తుడిచి అమర్చే వేళ నోటి మాటగా తరువాతి తరానికి అందుతాయి.

రాజసభతో గల సంబంధం దక్షిణాదిన పొరుగు సంప్రదాయాలలోనూ కనిపిస్తుంది. 1610లో రాజ ఒడెయారు శ్రీరంగపట్టణంలో దసరా ఉత్సవాలను ఆరంభించిన మైసూరు రాజ్యంలో దర్బారుతో పాటు ఇళ్ళలో గొంబె హబ్బ వర్ధిల్లింది. అక్కడి 'పట్టద గొంబె' రాజు, రాణి రూపాల జంట. పుట్టింటివారు వధువుకు ఇచ్చే కానుక. తమిళుల కొలువులో ఎర్రచందనపు మరపాచ్చి జంటకు ఇదే స్థానం. ఆ విధంగా కొలువు ఆస్తిపత్రాలకెక్కని స్త్రీధనంలో ఒక భాగమైంది.

మెట్ల క్రమం

మెట్ల సంఖ్య బేసిగా ఉండాలి: మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. పై మెట్టున కలశం, దేవతామూర్తులు. తరువాత దశావతారాలు, పురాణ ఘట్టాలు. ఆ కింద రాజులు, మహనీయులు. అడుగున పెళ్ళివారు, సంత, ఎడ్లబండి, పశుపక్ష్యాదులు. నేల మీద ఇసుక పోసి, ఆవాలో మెంతులో మొలకెత్తించి పొలాలను కల్పిస్తారు. పై మెట్లు శాస్త్రానికి కట్టుబడినవి, మార్పు తక్కువ. కాలం ప్రవేశించేది కింది మెట్ల గుండానే. గాంధీజీ బొమ్మ, రైలుబండి, క్రికెట్ జట్టు చేరినది ఈ మెట్లలోనే. అందువల్ల గృహచరిత్రను వెదికే పరిశోధకుడు పై మెట్ల కంటే కింది మెట్లను నిశితంగా చదవవలసి ఉంటుంది.

తయారు చేసిన చేతులు

కొండపల్లి బొమ్మకు ఆధారం తెల్లపొణికి కర్ర. తేలికైన ఈ కర్రను ఆరబెట్టి, అంగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూత పూసి, ఆపై రంగులు వేస్తారు. ఆర్యక్షత్రియులుగా వ్యవహరించుకునే ఇక్కడి కళాకారులు తమ పూర్వికులు రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చారని చెప్పుకుంటారు. వరాహ నదీతీరాన ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరిగే బొమ్మకే లక్క రంగు అద్దుతారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజవర్ణాలను పునరుద్ధరించిన చింతలపాటి వెంకటపతిరాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది.

అయినా ఇంటి జ్ఞాపకంలో కొన్న ఊరి పేరు నిలుస్తుంది గాని, చేసినవారి పేరు నిలవదు. అంబారీ ఏనుగు 'కొండపల్లి ఏనుగు'గానే తరాలు దాటుతుంది. కర్ర కొరత ఒకవైపు, అచ్చు పోసిన చౌక బొమ్మల పోటీ మరొకవైపు ఈ వృత్తిని కుదిస్తున్న తరుణంలో ఈ మౌనాన్ని చిన్న విషయంగా భావించలేము.

పేరంటం: పిలుపు, హద్దు

కొలువు పెట్టిన ఇంటికి ముత్తైదువలను బొట్టు పెట్టి పిలుస్తారు. భోగినాటి సాయంత్రం కొలువు ముందు పిల్లలను కూర్చోబెట్టి భోగిపళ్ళు పోస్తారు. పాటలు, మంగళహారతి, పసుపు కుంకుమలు, సెనగలు, తాంబూలాలతో పేరంటం ముగుస్తుంది. రాజసభలో స్థానం లేని స్త్రీకి తానే అధ్యక్షురాలైన సభ ఇది. అయితే ఈ సభకూ ద్వారపాలన ఉంది. వితంతువులకు పిలుపు లేదు. ఒకనాడు మెట్లు తానే అమర్చిన స్త్రీ భర్త మరణంతో ఆ మెట్ల ముందు తాంబూలం అందుకునే అర్హత కోల్పోయేది. ఆమె తెచ్చిన బొమ్మలకు మాత్రం స్థానభ్రంశం లేదు. పైగా కొలువు ప్రధానంగా బ్రాహ్మణ, తదితర సంపన్న కుటుంబాల ఆచారంగా సాగింది. ఆ కుటుంబాల వేడుకకు బొమ్మలు చేసి ఇచ్చినవారు వేరు.

ముగింపు

చివరి రోజు హారతి ఇచ్చి, ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగిసినట్లు సూచిస్తారు. తరువాత బొమ్మలన్నీ పాత చీర ముక్కలలో చుట్టుకొని పెట్టెలకు చేరతాయి. కొలువును లెక్క అప్పజెప్పే సభగా గ్రహిస్తే అది స్త్రీలు మౌఖికంగా నిర్వహించిన కుటుంబ దస్తావేజు అవుతుంది. అయితే ఆ దస్తావేజులో రెండు పద్దులు ఖాళీగా ఉన్నాయి: బొమ్మను చెక్కిన కళాకారుడి పేరు, పేరంటం నుంచి తొలగించిన స్త్రీ పేరు. బొమ్మలను చిత్రాలుగా భద్రపరిస్తే చాలదు. ప్రతి బొమ్మ వెనుక ఇంటి పెద్దలు చెప్పే కథనాన్ని, అది ఏ వృత్తికారుల ఊరి నుంచి వచ్చిందన్న సమాచారాన్ని కలిపి సేకరించాలి. చెప్పగల తరం ఉండగానే జరగవలసిన పని ఇది. బొమ్మ ఆ తరాన్ని దాటి నిలిచినా, దాని కథ నిలవదు.