ఆలుమగలు కలిసి చూసిన పద్య నాటకం

తెలుగువారి సొంత సంగీత రంగస్థలం పద్య నాటకం. కథ కొత్తది కాదు. హరిశ్చంద్రుడు రాజ్యం పోగొట్టుకుంటాడనీ, కృష్ణుడి రాయబారం ఫలించదనీ చూసేవాళ్లందరికీ ముందే తెలుసు. అయినా జనం రాత్రంతా కూర్చునేది పద్యం కోసం. మాటలు వచనంలో నడుస్తూ నడుస్తూ ఘట్టం బిగిసేసరికి నటుడు పద్యం ఎత్తుకుంటాడు. చివర రాగం తీస్తాడు. హార్మోనియం ఆ గొంతును వెన్నంటి వస్తుంది.

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన 1880లో మొదలైంది. ఆ ఏడాది ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి నాటకాలాడింది. అదే ఏడాది కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. అది వచన రచన. నాటకానికి పాటనూ పద్యాన్నీ గట్టిగా ముడివేసింది బళ్ళారిలో వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1886లో ఆయన సరస వినోదిని సభ నెలకొల్పారు. మరుసటి ఏడాదే ఆయన ‘చిత్రనళీయం’ రంగమెక్కింది. మరాఠీ, పార్సీ కంపెనీల నుంచి హార్మోనియం, రంగుల తెరలు కూడా వచ్చి చేరాయి. ఆ తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘హరిశ్చంద్ర’ ఊరూరా పాకాయి. వాటిలోని పద్యాలు చదువురానివారికి సైతం కంఠతా వచ్చేవి.

తొలినాళ్ల సమాజాలు మగవారివి. వకీళ్లు, పంతుళ్లు, గుమాస్తాలు సాయంత్రాలు కలుసుకుని రిహార్సళ్లు వేసుకునేవారు. టంగుటూరి ప్రకాశం పంతులు కూడా చిన్నతనంలో వేషం కట్టినవారే. ఆడవేషాలు మగవారే వేసేవారు. తెనాలి రామవిలాస సభకు చెందిన స్థానం నరసింహారావు సత్యభామగా నడిచే తీరు చూడటానికి ఆడవాళ్లే ఎక్కువ ఉబలాటపడేవారని ప్రతీతి. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ప్రేక్షకుల్లో ఆడవారికి విడిగా చోటు ఉండేది. ఒకే బండిలో వచ్చిన ఆలుమగలు పందిట్లో చెరోవైపు కూర్చునేవారు. నాటకం గురించి మాట్లాడుకోవడం ఇంటిదారి పట్టాకే. గౌరవ కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కాలని నటుడు బళ్ళారి రాఘవ పట్టుబట్టారు. ఆయన ప్రోత్సాహంతో కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయనతో కలిసి నటించారు. ఆ రోజుల్లో ఇది చిన్న సాహసం కాదు.

ఈ చిక్కును సురభివారు చాలా ముందే, పెద్దగా వాదించకుండానే విప్పేశారు. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడించారు. ఆ ఊరిపేరే వారి పేరైంది. సురభిలో కంపెనీ అంటే కుటుంబమే. భర్త కృష్ణుడైతే భార్య రుక్మిణి. పిల్లవాడు ప్రహ్లాదుడుగా మొదలుపెట్టి, మీసాలు వచ్చాక నారదుడో అర్జునుడో అవుతాడు. హార్మోనియం వాయించేదీ, తెర లాగేదీ, తీగల మీద దేవతలను ఎగరేసేదీ ఇంటివారే. నిజమైన స్త్రీలు, అందులోనూ సంసారులు, రంగం మీద కనిపించడంతో ఊళ్లలో భార్యాపిల్లలను వెంటబెట్టుకుని నాటకానికి వెళ్లడానికి మగవారికి జంకు తగ్గింది. కుటుంబ ప్రేక్షకులను తయారుచేసిన ఘనతలో పెద్ద వాటా సురభిదే.

రాత్రి భోజనాలయ్యాక మొదలైన నాటకం తెల్లవారుజాము దాకా సాగేది. ముందు నేల టికెట్టు, వెనక బెంచీలు, కుర్చీలు. నేల మీద కూర్చునేవారు చాప, దుప్పటి ఇంటి నుంచే తెచ్చుకునేవారు. పిల్లలు పడక సీనుకే నిద్రపోయేవారు. అర్జునుడూ దుర్యోధనుడూ కృష్ణుడి సాయం కోరి వచ్చే ఘట్టానికి రంగస్థలంలో పేరు అదే. కంపెనీలు సన్నగిల్లాక కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. కాంట్రాక్టరు పేరున్న నటులను ఒక్క రాత్రికి కుదుర్చుకునేవాడు. ఒకే నాటకంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు. పోస్టరు మీద ఇద్దరి పేర్లూ ఉండేవి. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు ఇలాంటి రాత్రుల్లో జనాన్ని కట్టిపడేసినవారు. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అని కేకలు లేచేవి. చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడిన సందర్భాలు చెప్పుకుంటారు. నాటకశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు గానీ, అది కచేరీ వినే రసికుల పద్ధతి. ఆ రాత్రి నాటకమూ, కచేరీ ఒకటే.

సినిమా ఈ నాటకం కడుపునే పుట్టింది. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ సురభివారి నాటకమే. అందులో లీలావతి సురభి కమలాబాయి. పుట్టిన బిడ్డే తల్లి ప్రేక్షకులను లాక్కుపోయింది. కానీ నష్టమంతా సినిమా వల్లనే అనడం సరికాదు. సంస్కరణ కోసం కాళ్ళకూరి నారాయణరావు రాసిన ‘చింతామణి’లో సుబ్బిశెట్టి పాత్రకు తర్వాతి వాళ్లు బూతులు తగిలించారు. భార్యను తీసుకుని వెళ్లలేని నాటకంగా దాన్ని దిగజార్చారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రచయిత చేయని తప్పుకు రచన శిక్ష అనుభవించింది.

పందిళ్లు పోయాక నాటకం ఆడిటోరియాలకు చేరింది. హైదరాబాదులో రవీంద్రభారతి 1961లో వచ్చింది. విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం వెలిసింది. నంది నాటకోత్సవాల్లో పద్య నాటకానికి విడిగా పోటీ పెట్టారు. బి.వి.కారంత్ వంటి దర్శకుడు సురభివారితో పనిచేసి వారికి కొత్త నాటకాలు నేర్పారు. తెల్లవార్లూ సాగిన ఆట రెండు మూడు గంటలకు కుదించుకుపోయింది. ఆడవారి వైపు, మగవారి వైపు అన్న గీత మాత్రం పూర్తిగా చెరిగిపోయింది. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి కంపెనీల్లో ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాటికి కావలసింది సన్మానాలకన్నా టికెట్టు కొనే ప్రేక్షకులు. దగ్గరి ఊళ్లో ‘మాయాబజార్’ ఆడుతున్నారని తెలిస్తే ఆలుమగలు రెండు టికెట్లు కొనుక్కుని వెళ్లి ముందు వరసలో కూర్చోవాలి. పద్యం నచ్చితే మొహమాటపడకుండా వన్స్‌మోర్ అడగాలి.