కంప్యూటర్ తప్పు చెప్పదా? బ్రిటన్ పోస్టాఫీసుల కథ

కంప్యూటర్ కోర్సుల్లో చేరిన మన పిల్లలం ఇప్పుడు చాలామందిమి అయ్యాం. పెద్ద ప్రాజెక్టులు ఎందుకు చెడతాయో పాఠంలో చదువుతాం. డబ్బు నష్టం, టైం నష్టం లెక్క చెప్తారు. మనుషుల నష్టం చెప్పే చరిత్ర ఒకటి ఇక్కడ రాస్తున్నాం.

బ్రిటన్‌లో ఊళ్లలో ఉండే చిన్న పోస్టాఫీసులను సబ్ పోస్ట్‌మాస్టర్లు నడుపుతారు. చాలామందికి పక్కనే కిరాణా కొట్టు కూడా ఉంటుంది. 1996లో పోస్టాఫీసు సంస్థ, పెన్షన్లు ఇచ్చే ప్రభుత్వ శాఖ కలిసి ఐసీఎల్ కంపెనీకి కంప్యూటర్ల పని అప్పగించాయి. యజమానులు ఇద్దరు, ఎవరి అవసరం వాళ్లది. పని ఆలస్యమై 1999లో ఆ శాఖ తప్పుకుంది. మిగిలినదాన్నే పోస్టాఫీసు లెక్కలకు సరిచేసి, 'హొరైజన్' పేరుతో వేల ఆఫీసుల్లో పెట్టారు. తర్వాత ఐసీఎల్ ఫుజిత్సులో కలిసిపోయింది.

ఇంత పెద్ద సిస్టమ్‌లో తప్పులు దొర్లకుండా ఉండవు. స్కాట్లాండ్‌లోని డాల్‌మెల్లింగ్టన్‌లో 2015లో 8,000 పౌండ్లు ఎంట్రీ చేస్తుంటే స్క్రీన్ కదల్లేదు. మళ్లీ మళ్లీ నొక్కితే నాలుగుసార్లు ఎక్కి, 24,000 పౌండ్ల లోటు చూపించింది.

అసలు అన్యాయం ఆ తర్వాతది. లోటు వస్తే సబ్ పోస్ట్‌మాస్టరే కట్టాలన్నారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే "ఈ సమస్య మీ ఒక్కరికే" అన్న జవాబు చాలామంది విన్నారు. ఫుజిత్సు ఉద్యోగులు దూరం నుంచే బ్రాంచ్ లెక్కలను మార్చగలరన్న సంగతిని ఏళ్ల తరబడి కాదన్నారు. కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందనే ముందు అనుకోవాలని ఇంగ్లండ్ కోర్టుల పద్ధతి. 900 మందికి పైగా దొంగలుగా శిక్ష పడింది. కొందరు జైలుకు పోయారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

2003లో తన బ్రాంచ్ పోగొట్టుకున్న అలన్ బేట్స్ మిగతా బాధితులను వెతికి కూడగట్టాడు. 555 మంది కలిసి కేసు వేశారు. 2019లో హైకోర్టు సిస్టమ్‌లో తప్పులున్నాయని తేల్చింది. 2024లో శిక్షలు రద్దు చేస్తూ చట్టమే చేయాల్సి వచ్చింది.

మాకు అర్థమైంది ఇది. చిక్కుముడి కోడ్‌లో ఒక్కచోటే ఉండదు. తప్పు జరిగిందని చివరి కౌంటర్ దగ్గరి మనిషి చెప్తే వినే దారి ఉందా లేదా అన్నదీ డిజైనే. రేషన్ షాపులో వేలిముద్ర పడక వెనక్కి తిరిగొచ్చే మన అవ్వకు "మెషిన్ తీసుకోలేదు" అన్నదే ఆఖరి మాట కాకూడదు. రేపు మనలో ఎవరైనా ఆ మెషిన్‌కు ప్రోగ్రాం రాస్తే, అవ్వ మాట ఎక్కే చోటు ముందే పెట్టి రాయాలి.