తప్పెట నుండి టెలివిజను వరకు

బద్వేలు ప్రాంతమున వాన అన్న మాటకు ఆదరమెక్కువ, భయము తక్కువ. సగిలేరు ఏడాదిలో చాలకాలము ఇసుకగానే కనబడును. చెరువు నిండినదన్న కబురు ఇచ్చట పండుగ కబురు. అయినను పూర్వము కట్టకు గండి పడునన్న శంక కలిగినచో తలారి తప్పెట మ్రోగించి, అర్ధరాత్రియైనను వీధి వీధి తిరిగి చాటింపు వేసెడివాడు. ఆ మ్రోత దేనికో ఊరిలో పసివానికి సైతము తెలియును. హెచ్చరికకు మొదటి నియమమదియే: గుర్తు ఒక్కటి కావలెను, అది అందరికిని తెలిసినదై యుండవలెను.

తలారి గొంతు పొలిమేర దాటదు. పొలిమేర దాటించు పనిని తరువాత రేడియో చేపట్టినది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు సుమారు పదివేలమంది మరణించిరి. తుఫాను హెచ్చరికలు ముందే వెలువడినను ఇల్లు విడువవలసిన వారందరును విడువలేకపోయిరి. 1980ల దశకమున ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా, అవసరమైన జిల్లాలకు మాత్రమే హెచ్చరిక చేరునట్లు తీరమున ప్రత్యేక గ్రాహకములను నెలకొల్పిరి. జపానులో 1985 నుండి ప్రసారములోనే ఒక సంకేతమును చేర్చి, దానిని గుర్తించు రేడియోలు, టెలివిజనులు తమంత తామే మేల్కొను ఏర్పాటు చేసిరి. డిజిటల్ టెలివిజనులోనికి కూడ ఆ ఏర్పాటు వచ్చినది.

అయినను ఒక చిక్కు మిగిలినది. రేడియోకు ఒక తీరు, టెలివిజనుకు ఒక తీరు, సైరనుకు మరొక తీరు. ఒకే కబురును పలుమార్లు వ్రాయుచుండగా కాలము గడచిపోవును, తప్పులును దొరలును. దీనికి విరుగుడుగా వచ్చినది 'కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్'. 2004లో ఓయాసిస్ సంస్థయు, 2007లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును దానిని ఆమోదించినవి. ఏ ఆపద, ఎచ్చట, ఎంత తీవ్రము, ఎంత నిశ్చయము, ప్రజలు చేయవలసినదేమి అను వివరములను ఒక క్రమమున ఒక్కసారి వ్రాసినచో అన్ని యంత్రములును గ్రహించును. అది ఏ కంపెనీ సొత్తును కాదు, ఎవరైనను వాడుకొనవచ్చును. మన దేశపు 'సచేత్' వ్యవస్థయు దీనిపైననే నిర్మితమైనది.

దివిసీమ ఉప్పెనకు సరిగా నలువదినాలుగేండ్లకు, 2021 నవంబరు 19 వేకువజామున, నాటి కడప జిల్లాలో చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగినది. నీరు రాజంపేట చెంతనున్న పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములపై బడి పదులకొలది ప్రాణములను బలిగొన్నది. ఇది సముద్రతీరము కాదు, కరవుసీమ! వేకువజామున ఏ ఇంటను టెలివిజను మ్రోగుచుండదు. నిద్రించు యంత్రమును లేపగల సంకేతము విలువ ఇట్టి వేళనే తెలియును.

మైక్రోఫోను ముందు కూర్చుండు మాకొక సంగతి అనుభవమున తెలిసినది. జిల్లా పేరు విన్న శ్రోత తల యూపును; తన ఊరి పేరు విన్న శ్రోత లేచి నిలుచును. ప్రమాణము కబురును మోసికొనిపోవు బండి మాత్రమే. అందులో ఊరి పేరు, పోవలసిన మెరక, బయలుదేరవలసిన వేళ తేట తెలుగున నుంచవలసినది మనుష్యులే. శ్రోతలకును మాదొక విన్నపము: ఆకసము నిర్మలముగా నున్నదని హెచ్చరికను తేలికగా తీసికొనవలదు. వాన ఎగువన కురియును, వరద దిగువకు వచ్చును.