ఆధి, వ్యాధి, యోగము

దేహమునకు కలుగు బాధ వ్యాధి. మనస్సునకు కలుగు బాధ ఆధి. ఈ రెండు మాటలను విడదీయక ‘ఆధివ్యాధులు’ అని జంటగా పలుకుట తెలుగువారి వాడుక. నిత్యవ్యవహారమున అది ఒట్టి జంటపదముగా చెల్లిపోవుచున్నను, వెనుకటి యోగశాస్త్రకారులకు అది ఒక సిద్ధాంతము. మనస్సు చెదరినచో దేహము చెదరుననియు, దేహమును శ్వాసను కుదుటపరచినచో మనస్సు కూడ కుదుటపడుననియు వారు తలచిరి. అట్లు కుదుటపరచు ఉపాయము అందరికి ఒక్కటేనా, లేక ఒక్కొక్కరికి వేరుగా చెప్పవలసినదా? ఈ ప్రశ్నకు మన చరిత్రలో దొరకు సమాధానమును పరిశీలించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

ఇది పండితుల కాలక్షేపమునకు పుట్టిన ప్రశ్న కాదు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంటను తీసికొందము. ఆ చుట్టుపట్లనుండి సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాలల వరకు గల సీమలో సేద్యముతోపాటు మూడు జీవనోపాధులు ప్రసిద్ధములు. మొదటిది నేతపని. ఇక్కడివారు సాంచాలని పిలుచు మరమగ్గముల నడుమ, చెవులు గింగురుమను చప్పుడులో, కార్మికుడు గంటల తరబడి నిలువుకాళ్లపై ఉండును. రెండవది బీడీలపని. ఇల్లాలు ఒడిలో చాట పెట్టుకొని, మెడ వంచి, తునికాకులో తంబాకు చుట్టుచు పొద్దంతయు కూర్చుండును. మూడవది గల్ఫు దేశములకు వలసపోవుట. పోయినవారికి ఎండలో పని. ఇంట మిగిలినవారికి ఎదురుచూపు, అప్పు, ఒంటరితనము. ఈ ముగ్గురికిని నడుము నొప్పి పుట్టవచ్చును. ముగ్గురికిని నిద్ర కరవు కావచ్చును. కాని ఆ బాధలు పుట్టిన తావులు వేరు. ముగ్గురికి ఒకే ఆసనము, ఒకే ప్రాణాయామము చెప్పి పంపుట న్యాయమగునా?

దీనికి పాత సమాధానము వెదకుటకు ఈ సీమను విడిచి దూరము పోనక్కరలేదు. పూర్వము సబ్బినాడని పేరొందిన ఈ ప్రాంతములోనే, నేటి పెద్దపల్లి జిల్లాలోని రామగిరియందు, 15వ శతాబ్ది తొలినాళ్లలో మడికి సింగన యను కవి వెలసెను. రామగిరి నేలిన ముత్తభూపాలుని మంత్రి కందనామాత్యుడు ఆయనను ఆదరించెను. సింగన 1420 ప్రాంతమున పద్మపురాణోత్తరఖండమును తెలిగించిన కవి. సంస్కృతమున యోగవాసిష్ఠమని ప్రసిద్ధికెక్కిన గ్రంథమును వాసిష్ఠ రామాయణమను పేర తెలుగువారి చేతికి అందించినదియు ఆయనయే. వసిష్ఠుడు శ్రీరామునకు చేసిన ఉపదేశము అందలి వస్తువు. విశేషమేమనగా, ఆ ఉపదేశము నిరాశలో మునిగిన ఒక యువకుని కోసము పుట్టినది. అన్నపానములయందు రుచి తప్పి, ఏ పనియందును మనస్సు నిలువక కృశించిపోవుచున్న రాముని సభకు పిలిపించి, అతని ప్రశ్నలు విని, ఆ ప్రశ్నలకే వసిష్ఠుడు బదులు చెప్పెను.

యోగవాసిష్ఠము సంస్కృతమూలములో చూడాల యను రాణి కథ యొకటి కలదు. ఆ కథ నడుమ, ఆధివ్యాధులు ఎట్లు పుట్టును, ఎట్లు నశించును అని రాముడు అడుగును. వసిష్ఠుడు చెప్పిన క్రమము ఇది. మనస్సు కలత చెందగా దేహము కలత చెందును. ప్రాణవాయువు సమగతి తప్పును. నాడులు తమ పద్ధతి విడుచును. తిన్న అన్నము అరగకపోవుటయో, అరగవలసినదానికంటె అతిగా అరుగుటయో జరుగును. ఆ వికారమే దేహమున వ్యాధియై నిలుచును. ఇట్లు ఆధినుండి పుట్టిన వ్యాధి ఆధి తొలగినప్పుడు తొలగును. ఆధితో సంబంధములేని వ్యాధికి మందును, వైద్యమును ఆశ్రయింపవలెను. ఈ విభాగము గమనింపదగినది. ప్రతి రోగమును మనోజన్యమని ఆ గ్రంథము చెప్పలేదు; ప్రతి రోగమునకు ధ్యానమే మందు అనియు చెప్పలేదు. రోగి యెవరో, రోగము ఎచటినుండి వచ్చినదో ముందు తెలిసికొనుమని చెప్పెను.

పతంజలి యోగసూత్రములలోను ఈ చూపు కలదు. సాధకునికి అడ్డువచ్చు విఘ్నములను లెక్కించునపుడు పతంజలి అన్నిటికంటె ముందుగా వ్యాధిని పేర్కొనెను. చిత్తము చెదరినవానియందు దుఃఖము, మనోవైకల్యము, అవయవముల వణకు, ఉచ్ఛ్వాస నిశ్వాసముల తొట్రుపాటు అను నాలుగు లక్షణములు కనబడునని వెంటనే చెప్పెను. నేడు ఆందోళనతో బాధపడువానిని చూచిన వైద్యుడు కూడ ఈ లక్షణములనే గుర్తించును.

ఇక 15వ శతాబ్దికి చెందిన హఠప్రదీపికను చూతము. స్వాత్మారాముడు రచించిన ఈ గ్రంథము ఆసన ప్రాణాయామములకు ప్రమాణము. అందు ధౌతి, బస్తి మొదలగు ఆరు శోధనక్రియలు చెప్పబడినవి. కాని కొవ్వు, కఫము అధికముగా ఉన్నవారే వాటిని ముందుగా చేయవలెననియు, దోషములు సమముగా ఉన్న తక్కినవారు చేయరాదనియు స్వాత్మారాముడు స్పష్టముగా హద్దు గీసెను. ప్రాణాయామ భేదములలోను అంతే. సూర్యభేదనము వాతమునకు, ఉజ్జాయి కఫమునకు, శీతలి పిత్తమునకును జ్వరమునకును విరుగుడుగా చెప్పబడినవి. సింహమును, ఏనుగును, పులిని మచ్చిక చేసికొన్నట్లు ప్రాణమును మెల్లమెల్లగా వశపరచుకొనవలెననియు, తగిన తీరున చేసిన ప్రాణాయామము రోగములను పోగొట్టుననియు, తగని తీరున చేసినది రోగములను తెచ్చిపెట్టుననియు హెచ్చరిక కూడ కలదు. యువకుడేగాక వృద్ధుడు, రోగి, దుర్బలుడు సైతము యోగమునకు అర్హులే యని ఆ గ్రంథమే చెప్పుచున్నది. అర్హత అందరిది, సాధన మాత్రము ఎవరిది వారిది.

ఈ హఠయోగ సంప్రదాయముతో తెలుగునేలకు గాఢమైన సంబంధము కలదు. హఠప్రదీపికలో పేర్కొన్న సిద్ధుల వరుసలో అల్లమ ప్రభుదేవుడు ఉన్నాడు. ఆయన పేరు శ్రీశైలముతో పెనవేసికొన్నది. గోరక్షనాథుడు మొదలగు నాథయోగుల కథలను గౌరన కవి 15వ శతాబ్దిలో నవనాథచరిత్రమను ద్విపదకావ్యముగా రచించెను. శ్రీశైల దేవాలయపు ప్రాకారపు రాళ్లపై రకరకముల ఆసనములలో ఉన్న యోగుల శిల్పములను నేటికిని చూడవచ్చును. ఓరుగల్లు ప్రాంతీయుడైన పరశురామపంతుల లింగమూర్తి రచించిన సీతారామాంజనేయ సంవాదము తారక, సాంఖ్య, అమనస్క యోగములను బోధించుచు తెలంగాణ పల్లెలలో తరతరములుగా పారాయణగ్రంథమయ్యెను. ఈ గ్రంథములలో విద్య గురువునుండి శిష్యునకు, ప్రశ్నకు బదులుగా నడచినది. ఒళ్లు మెలిపెట్టు ఆసనవిద్యను మల్లవిద్యకంటె తక్కువదని వేమన పరిహసించెను. లోపలి మార్పు లేని పైపై విన్యాసము యోగముకాదని ఆయన భావము.

20వ శతాబ్దిలో ఈ విద్య ఆశ్రమములు దాటి వైద్యశాలల వాకిటికి వచ్చెను. 1918లో బొంబాయి సమీపమున యోగేంద్రుడు యోగసంస్థను నెలకొల్పి గృహస్థులకు, రోగులకు బోధింపసాగెను. 1924లో స్వామి కువలయానంద లోనావాలాలో కైవల్యధామమును స్థాపించి, ఆసన ప్రాణాయామములు దేహముపై చూపు ప్రభావమును యంత్రములతో కొలిచి, యోగమీమాంస యను పత్రికలో ప్రకటించెను. ఆయనయు డాక్టర్ వినేకరును కలిసి వ్రాసిన యోగచికిత్సా గ్రంథమును 1963లో భారతప్రభుత్వ ఆరోగ్యశాఖయే ప్రచురించెను.

ఒక్కొక్కరికి వేరుగా యోగమును చెప్పు పద్ధతికి ఈ కాలమున ముఖ్యుడు తిరుమలై కృష్ణమాచార్యులు. 1888లో చిత్రదుర్గము సీమలో జన్మించిన ఈ పండితుడు 1933నుండి మైసూరు మహారాజు ఆదరణలో జగన్మోహన ప్రాసాదమున యోగశాల నడపెను. అచట బలిష్ఠులైన బాలురకు వేగముగా సాగు ఆసనముల వరుసలు నేర్పెను. 1950లో ఆ శాల మూతపడెను. 1952లో ఆయన మద్రాసు చేరెను. ఆంధ్రరాష్ట్రము ఇంకను ఏర్పడని ఆ నాడు మద్రాసు తెలుగువారికిని రాజధానియే. అచట ఆయనవద్దకు వచ్చినవారు వ్యాయామము కోరిన పిల్లలు మాత్రమే కారు. వ్యాధిగ్రస్తులు, వయసుమీరినవారు, ఉద్యోగభారముతో నలిగినవారు. ఆయన నాడి చూచి, శ్వాస గమనించి, తిండి, నిద్ర, వృత్తి విచారించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క సాధనక్రమము కూర్చెను. చేతులు పైకెత్తలేనివానికి ఎత్తగలిగినంతయే ఆసనము. కూర్చుండలేనివానికి కుర్చీయో పరుపో చాలును. శిష్యునకు తగినట్లు విద్యను మలచవలెను గాని విద్యకు తగినట్లు శిష్యుని విరువరాదని ఆయన బోధనాసారము. 1976లో ఆయన కుమారుడు దేశికాచారి తండ్రిపేర మద్రాసులో యోగమందిరమును స్థాపించి ఈ పద్ధతిని కొనసాగించెను. 1989లో నూరేండ్ల వయసు గడచిన పిదప కృష్ణమాచార్యులు పరమపదించెను.

ఆధివ్యాధుల సిద్ధాంతమును ఆధునిక పరీక్షకు పెట్టినవారును కలరు. బెంగుళూరుకు చెందిన నాగరత్న, నాగేంద్ర గార్లు ఉబ్బసరోగులపై జరిపిన పరిశీలన 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడెను. 53 మంది రోగులు రెండు వారములు యోగము అభ్యసించి, ఆపైన దినమునకు 65 నిమిషములు సాధన చేయవలెనని చెప్పించుకొనిరి. వయసు, రోగతీవ్రత మొదలగువాటిలో వారికి సరితూగు మరి 53 మందిని యోగము లేకుండ పోల్చిచూచిరి. సాధనచేసినవారికి ఉబ్బసపు దాడులు తగ్గెను. మందుల అవసరము తగ్గెను.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించెను. అది మొదలు ఏటేటా మైదానములలో వేలమంది ఒక్కసారిగా ఒకే ఆసనము వేయుట చూచుచున్నాము. విద్యకు ప్రచారము కలుగుట మంచిదే. ఆరోగ్యవంతులకు సామూహిక సాధన ఉత్సాహమిచ్చును. అయితే అది వ్యాయామము, చికిత్స కాదు. దుకాణములో మందు ఎంత మంచిదైనను, నాడి చూడక పదిమందికి ఒకే మోతాదు పంచు వైద్యుని మనము నమ్మము. యోగమునందు మాత్రము ఆ జాగ్రత్త మరచుట ఏల?

ఇపుడు మరల ఎల్లంతకుంటకు వత్తము. బీడీలు చుట్టు ఇల్లాలి వెన్ను ఇదివరకే దినమంతయు ముందుకు వంగియున్నది. మరింత వంచు ఆసనముతో ఆమెకు ప్రారంభింపరాదు. ఛాతీ విచ్చునట్లు, మెడ నిలుచునట్లు చిన్నచిన్న కదలికలు శ్వాసతో కలిపి చెప్పవలెను. సాంచాలకడ నిలిచి వచ్చినవానికి మొదట కావలసినది వెల్లకిల పరుండి, కాళ్లకు ఆసరా ఇచ్చి, నిశ్శబ్దముగా నిడివియైన నిశ్వాసము. గుండెజబ్బో రక్తపుపోటో ఉన్నచో శీర్షాసనము వంటివాటిని దూరముంచి, వైద్యుని సలహామీదనే సాధన సాగవలెను. దూరదేశమున ఉన్నవానికై కుమిలిపోవు ఇల్లాలికి ఆసనముకంటె ముందు, చెప్పినది వినిపించుకొను మనిషి కావలెను. సాధన ఏదైనను దినమునకు ఆమెకు దొరకు పావుగంటలో ఇముడవలెను.

ఇంకొక మాట చెప్పక తప్పదు. 2000 సంవత్సరము తరువాతి దశాబ్దిలో సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు దేశమంతట వార్తలయ్యెను. పని లేమి, అప్పులు వాటి వెనుక నుండెను. అట్టివారికి ఊపిరి నిలుపుమని మాత్రము చెప్పి ఊరకుండుట క్రూరము. ఈ విషయమున వసిష్ఠుడే మనకు దారి చూపెను. లోకవ్యవహారమున పుట్టిన ఆధులు, కోరిన వస్తువు చేకూరినప్పుడు తొలగునని ఆయన చెప్పెను. ఆకలివలన కలిగిన ఆధికి అన్నమే మందు. అప్పువలన కలిగిన ఆధికి పని, కూలి, ఆదరణ మందులు. యోగము వాటికి బదులు కాదు. అవి చేకూరువరకు మనిషి విరిగిపోకుండ నిలుపు ఊతకోల అది.

కావున యోగము నేర్వదలచినవారు గురువు ఎన్ని ఆసనములు వేయగలడని అడుగనక్కరలేదు. మన పని, మన నిద్ర, మన దిగులు ఆయన అడిగెనా లేదా యని గమనించిన చాలును. రాముని ప్రశ్న విన్న తరువాతనే వసిష్ఠుడు నోరు విప్పెను.