దగ్గరి దారి

మా అమ్మకు దూరమంటే గంటలే. అనంతపురం నుంచి బెంగళూరు ఎంత దూరమమ్మా అంటే "నాలుగు గంటలు నాయనా" అంటుంది. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు అని నేను సవరిస్తే పట్టించుకోదు. విమానాల చరిత్ర కొంత చదివాక, అమ్మ లెక్కే సరైనదనిపించింది.

1948 జూన్ 8న ఎయిర్ ఇండియా వారి 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. మధ్యలో కైరోలోనూ, జెనీవాలోనూ ఆగింది. 1960 మేలో బోయింగ్ 707 జెట్లు న్యూయార్క్ దాకా వచ్చాయి. మేముండే శాన్‌ఫ్రాన్సిస్కోకు ఢిల్లీ నుంచి ఎయిర్ ఇండియా విమానం ఎక్కడా ఆగకుండా రావడం 2015 డిసెంబరులో మొదలైంది.

అది మొదట అట్లాంటిక్ మీదుగా వచ్చేది. సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదికి మళ్ళించారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు దిగింది. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి విమానాన్ని వెనక నుంచి తోస్తుంది మరి!

బెంగళూరు సంగతి ఇంకో విడ్డూరం. మీ పిల్లల గ్లోబు తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఒక దారం బిగించి చూడండి. అది ఉత్తరాన ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా పోతుంది. 2021 జనవరి 9 రాత్రి బయల్దేరిన ఎయిర్ ఇండియా తొలి విమానం ధ్రువం మీదుగానే వెళ్ళింది. సూటిగా కొలిస్తే సుమారు 14,000 కిలోమీటర్లు, ప్రయాణం పదిహేడు గంటలు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో దాన్ని నడిపినవాళ్ళందరూ ఆడవాళ్ళే.

ఆ వార్త చదివి నేను చేసిన మొదటి పని ఒక తీసివేత. 2009లో మా నాయన పోయినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి, బెంగళూరులో దిగి, కారులో ఊరు చేరేసరికి మూడో రోజు. చిన్నాయనే కొరివి పెట్టేశాడు. ఆ పదిహేడు గంటల విమానం అప్పుడే ఉండుంటే? కాగితం మీద గంటలు వేసుకున్నాను. టికెట్టు దొరికిన పూట, దారిలో నాలుగు గంటలు, అన్నీ కలిపాను. ఏడెనిమిది గంటలు మిగిలాయి. చివరిచూపు దక్కేదేమో.

కానీ ఆ లెక్కలో నేను కలపని అంకె ఒకటుంది. నాయన అప్పటికి నెల రోజులుగా మంచంలో ఉన్నాడు. ప్రాజెక్టు పని అయిపోగానే వస్తానని నేను రెండుసార్లు వాయిదా వేశాను. ఆ నెలను ఏ గాలీ తోయలేదు.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, "అమ్మా, ఇప్పుడు బెంగళూరుకు పదిహేడు గంటలే" అని.

"అట్లనా! అయితే ఎప్పుడొస్తావు నాయనా?" అంది.